పావు తక్కువ పన్నెండు

బెల్లం తూచుకోవాలంటే ముందు తక్కెడలోంచి కంప్యూటరు సామాను దింపుకోవాల్సిన ఇల్లు విజయనగరం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. ప్రసూనాంబ ఆ ఇంటికే కోడలిగా వచ్చింది. మొగుడు తాగుతాడనో, పేకాడతాడనో చెప్పుకుంటే పక్కింటివాళ్లు కాసేపు జాలి పడతారు, కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. "మా ఆయన పవర్ సప్లైలు తూస్తాడండీ" అని చెప్పుకుంటే ఎవరిస్తారు కాఫీ?

ఆ ఇత్తడి తక్కెడ మామగారిది. గంటస్తంభం దగ్గర ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన ఆయన, పోతూ పోతూ కొడుక్కి తక్కెడతో పాటు "తూకం అబద్ధం చెప్పదు" అన్న మాట కూడా అప్పజెప్పాడు. కొడుకు సీతారామారావు కొట్లోంచి కందిపప్పు బస్తాలు దింపేసి కంప్యూటర్లు ఎక్కించాడు గానీ తక్కెడనూ, ఆ మాటనూ మాత్రం దింపలేదు. పవర్ సప్లై అంటే గోడలోని కరెంటును కంప్యూటరుకు పంచిపెట్టే ఇనప డబ్బా. మంచిదైతే లోపల రాగీ అల్యూమినియమూ దండిగా ఉండి బరువు తూగుతుంది. నాసిదైతే చేట మీది పొట్టులా తేలిపోతుంది. ఈ సంగతి "మీట" అనే కంప్యూటరు మాసపత్రికలో రాసి రాసి జిల్లాకంతటికీ అతనే నేర్పాడు.

తూచడం మొదటి పరీక్ష. రెండో పరీక్ష వంటింట్లో. డబ్బాకి ఆరు కారు హెడ్‌లైటు బల్బులు తగిలించి, పచ్చ తీగకీ నల్ల తీగకీ మధ్య ప్రసూనాంబ తలపిన్ను గుచ్చితే, వంటిల్లు పెళ్లివారి విడిదిలా వెలిగిపోయేది. అలా నాలుగు గంటలు. ఆ వెలుగులో ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, పావుగంటకోసారి లేచి డబ్బా వెనక గాలి వేడి చూసి లాంగ్ నోటుబుక్కులో రాసేది. థర్మామీటరు ఆమె బి.యస్సీ. చదివిన కాలేజీ ల్యాబుది. వీడ్కోలు సభ నాడు పొరపాటున ఆమె సంచీలో పడింది. ఆ పొరపాటు సరిదిద్దుకునే తీరిక ఆమెకి ఇరవై నాలుగేళ్లుగా చిక్కలేదు.

"చూడని అంకె రాయకే" అని మొదటి రోజే చెప్పాడు సీతారామారావు. "చూడలేకపోతే గీత పెట్టు. గీత పెడితే పరువు పోదు."

*

కార్తీకమాసంలో ఒక శనివారం మధ్యాహ్నం ఆమె కేరేజీ పట్టుకుని కొట్టుకి వెళ్లేసరికి, కౌంటరు మీద ఒక కంప్యూటరు పక్కకి వాలి పడుకుని ఉంది. దాని పక్కతలుపు ఊడదీసి ఉంది. ఎదురుగా నెల్లిమర్ల అప్పలనరసింహం, చేతులు వెనక్కి కట్టుకుని, ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన మనిషి ఆయన. ఆ మగ్గాల చప్పుడుకి సగం చెవులు మిల్లులోనే వదిలేసి వచ్చాడు. "మీట" చదివి, ఒక్కొక్క భాగమే కొనుక్కుని, తన కంప్యూటరు తనే బిగించుకున్నాడు. అలాంటివాళ్లతో ఒకప్పుడు శనివారం వస్తే కొట్లో నిలబడే చోటుండేది కాదు. ఇప్పుడు ముందు అరల నిండా ఫోన్ల తొడుగులూ, అద్దం మీద అంటించే రేకులూ ఉన్నాయి. కంప్యూటరు సామాను వెనక అరలోకి, అక్కణ్ణించి ఇంటి అటక మీదికి ఎక్కింది. జిల్లాలో చేత్తో బిగించుకునేవాడు అప్పలనరసింహం ఒక్కడే మిగిలాడని సీతారామారావు అంటూ ఉంటాడు, తేలినీలాపురానికి ఏటేటా తగ్గిపోతూ వచ్చే వలస కొంగల గురించి చెప్పినట్టు.

"పదకొండు దినాలు కరెంటు లేదు గదా బాబూ, తుపానుకి," అంటున్నాడు అప్పలనరసింహం. "పన్నెండో నాడొచ్చినాది. రాగానే స్విచ్చేసినాను. టప్పుమన్నాది. అంతే మరి. ఇంటి మీద రేకులేయించుకునీసరికి ఇన్నాళ్లయిపోనాది, లేకపోతే అప్పుడే వచ్చీవోణ్ణి."

సీతారామారావు స్క్రూడ్రైవరు మొనతో అక్కడక్కడా తట్టాడు. "బోర్డు పోయింది. డిస్కు కూడా పోయినట్టే."

"ఏటి?"

"డిస్కు కూడా పోయిందంటున్నారండీ," అని ప్రసూనాంబ గట్టిగా అందించింది. మొగుడిది గొణుగుడు గొంతు. ఈ ఇద్దరి మధ్య మైకు పని చాలాకాలంగా ఆమెదే.

అప్పలనరసింహం బొటనవేలితో కంప్యూటరు అంచు మీది దుమ్ము తుడిచాడు. "అందులో మా అన్న సూరయ్య పాడిన తత్వాలున్నాయి తల్లీ. ఆడు పోయి నాలుగేళ్లయింది. ముప్ఫై రెండు కేసెట్లు. రెండు వానాకాలాలు కూకుని ఎక్కించినాను."

"కేసెట్లున్నాయి కదా అన్నయ్యగారూ?"

"ఉంటే ఇలగెందుకుంటాను? రేకులెగిరిపోయి ట్రంకుపెట్టి నిండా నీళ్లు. రీళ్లన్నీ అతుక్కుపోనాయి. మా కోడలు ఏడ్సినాది. నానే నవ్వినాను. కంప్యూటర్లో ఉన్నాయి గదే, ఎర్రిదానా, అని నానే తీసుకెళ్లి సంపానదిలో పారబోసినాను."

సీతారామారావు ఊడదీసిన మరనే మళ్లీ బిగించాడు.

"వోల్టేజీ దెబ్బ," అన్నాడు మరతో. "తుపాను తర్వాత చాలామందికి ఇలాగే అయింది. కరెంటు వచ్చాక మీరో గంట ఆగాల్సింది."

ఈసారి ఆమె అందించాల్సిన పని లేకపోయింది. తప్పు ఎవరిదో చెప్పే మాట ఎంత మెల్లగా అన్నా వినబడుతుంది కాబోలు.

"నిజిమే బాబూ. నాదే తొందర," అని తల ఊపాడు అప్పలనరసింహం. "నానేటైనా తీగ తప్పు పెట్టీసినానేమోనని పుస్తకం కూడా తెచ్చినాను."

సంచీలోంచి పుస్తకం తీశాడు. ఎనిమిదేళ్ల "మీట" వ్యాసాలు కత్తిరించి, గోనెసంచులు కుట్టే సూదితో, గోనె పురికొసతో కుట్టిన లావుపాటి పుస్తకం. మొదటి వ్యాసాలు నాలుగేసి పేజీలున్నాయి, తరవాతవి రెండేసి, చివరివి ఒక్కొక్కటి. చివరి కాగితం ఆగస్టు నెలది. గజకేసరి-500 పవర్ సప్లై. తూకం ఒక కిలో తొమ్మిది వందల గ్రాములు. కింద పట్టిక, పదిన్నర నుంచి రెండున్నర దాకా, పావుగంటకో అంకె.

"సూడు తల్లీ," అని ఆయన వేలు పట్టిక మధ్యకి జరిగింది. "ఇక్కడ, పావు తక్కువ పన్నెండు కాడ, గీతెట్టినాడు సూసావా? ఈ గీత సూసే నమ్మినాను. ఇంకొకడైతే ఏదో అంకె కొట్టీసును. సూడనిది సూసినట్టు రాయని మడిసి అనుకుని, మర్నాడే వచ్చి కొనీసినాను."

ప్రసూనాంబ ఆ గీతను చూసింది.

"కేరేజీ అలా చేత్తో పట్టుకుని నిలబడ్డావేమిటి, కింద పెట్టు," అన్నాడు సీతారామారావు. అతని గొంతు అంత స్పష్టంగా పలకడం ఆమె అరుదుగా విన్నది.

ఆమె కేరేజీ కింద పెట్టింది. తిరిగి వెళ్లేటప్పుడు కౌంటరు కింది దొంతరలోంచి ఆగస్టు సంచిక ఒకటి తీసి, నిన్నటి ఖాళీ కేరేజీ అడుగున పెట్టుకుంది.

*

ఆగస్టులో వంటింట్లో బల్బులు వెలగలేదు. ఆ సంగతి ఆమెకి బాగా గుర్తు. పత్రికవాళ్లే పరీక్షలు వద్దన్నారు కాబోలు అనుకుంది. నిజం చెప్పాలంటే, వంటిల్లు తనకి దక్కిందని లోలోపల సంతోషించింది కూడా.

ఆదివారం మొగుడు స్నానానికి వెళ్లగానే పాత నోటుబుక్కులు దించింది. 2011 పుస్తకంలో, పచ్చ అట్ట కింద, అలాంటి గీత ఉన్న పట్టిక దొరికింది. అది వేరే కంపెనీ పవర్ సప్లై పెట్టెది, నిజంగానే మంచి పెట్టె. పదిన్నరకి 31. పదీ ముప్పావుకి 33. పదకొండుకి 34. ఒక వేలు నోటుబుక్కు మీదా, ఒక వేలు పత్రిక మీదా పెట్టుకుని, రెండు చేతులూ సమానంగా దింపుకుంటూ వచ్చింది. పదిహేడు గడులు. పదహారు అంకెలు, ఒక గీత, రెండింట్లోనూ అవే. గీత పక్కన నోటుబుక్కులో మాత్రం సన్నగా ఒక మాట ఎక్కువుంది: "గ్యాసు బండ వచ్చింది."

ఆ రోజు బండవాడు అసిరయ్య వాకిట్లో నిలబడి కేకేస్తే వెళ్లింది. చిల్లర లేదని అతను, ఉందని ఆమె. వచ్చేసరికి పావు తక్కువ పన్నెండు దాటిపోయింది. అటూ ఇటూ అంకెలు 38, 40. మధ్యలో 39 అని రాసుకుంటే బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు. రాయలేదు. గీత పెట్టి, సాయంత్రం మొగుడికి చూపిస్తే, "అద్గదీ" అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపరంలో ఆమె దాచుకున్న మెచ్చుకోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో అదొకటి.

అంకెలు ఎత్తుకుపోతే ఎత్తుకుపోయాడు. ఆ గీత కూడా ఎత్తుకుపోయాడు. అబద్ధానికి తన చేతిరాత తెచ్చి సాక్షిసంతకంగా పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర ఆమె చారు వడ్డించింది. అతను రెండు ముద్దలు తిన్నాక అడిగింది, "ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"చూసి చెప్తున్నారా, చూడకుండానా?"

అతను తలెత్తాడు. ఆమె మజ్జిగ గిన్నె కోసం లేచింది.

*

కార్తీక సోమవారం. ఇద్దరికీ నక్షత్రం కనబడేదాకా ఉపవాసం. పొయ్యి వెలిగించే పని లేదు కాబట్టి వంటిల్లు ఖాళీ. ప్రసూనాంబ అటక ఎక్కి, అమ్మకానికి ఉంచిన గజకేసరి పెట్టె ఒకటి దింపింది. బల్బుల బుట్ట తుడిచింది. తీగలు ఎలా తగిలించాలో అతను ఏనాడూ నేర్పలేదు. నేర్పకపోయినా, పక్కన కూర్చుని బియ్యం ఏరినవాళ్లకి రాకుండా ఉండదు. మీటరు పసుపు తీగకి తగిలించి, జడలోంచి పిన్ను తీసి గుచ్చింది.

సీతారామారావు ఒంటిగంటకి ఇంటికొచ్చేసరికి వెలుగు వీధి వాకిలి దాకా పడుతోంది. చెప్పులు విడవకుండానే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమిటిది?"

"ఆగస్టులో చేసిందే. మళ్లీ చేస్తే అవే అంకెలు వస్తాయో రావోనని."

ఆమె పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో కొత్త పేజీ. అందులో నాలుగు వరసలు. పావు తక్కువ ఒంటిగంటకి 69 డిగ్రీలు. పన్నెండు వోల్టులు రావాల్సిన తీగలో పదీ చిల్లర. బల్బుల ముఖాలు అప్పటికే పసుపెక్కాయి. వార్నీషు మాడిన వాసన వంటింటి నిండా కమ్ముకుంది.

"తియ్యి. అంటుకుంటుంది."

"ఒంటిగంట అంకె ఇంకా చూడలేదు."

"ప్రసూనా."

ఆమె థర్మామీటరు డబ్బా వెనక పెట్టి, వెలుగుకి పట్టి చూసి, 76 అని రాసింది. అప్పుడు పిన్ను లాగింది. ఆరు బల్బులూ ఒక్కసారిగా పోయి, వంటిల్లు మామూలు మధ్యాహ్నపు చీకటిలో పడింది.

సీతారామారావు చేతిగుడ్డతో డబ్బాను పట్టుకుని తక్కెడలో పెట్టాడు. అలవాటు. కిలో తొమ్మిది వందలు. పత్రికలో రాసినంతే ఉంది.

"తూకం ఉంది కదే," అన్నాడు. వాదించడంలా లేదు, ఎవరినో అడుగుతున్నట్టుంది.

"విప్పండి."

"సీలు చింపితే కంపెనీవాడు వెనక్కి తీసుకోడు."

కూరగాయల కత్తి తీసి, మర మీద అంటించిన సీలు కాగితాన్ని ఆమె వంకాయ తొడిమ కోసినట్టు కోసేసింది. నాలుగు మరలు. మూత లేచింది. లోపల రాగి చుట్ట ఉండాల్సినంత లేదు, వేడి లాగే రేకులు తమలపాకంత ఉన్నాయి. కరెంటు ఎగదన్నితే ముందు తాము మాడిపోయి మిగతా కంప్యూటరును కాపాడే బుల్లి భాగాలు కొన్ని ఉంటాయి. పలక మీద వాటి పేర్లు తెల్లగా అచ్చు వేసి ఉన్నాయి. పేర్ల దగ్గర చిల్లులున్నాయి. భాగాలు లేవు.

ఒక పక్క గోడకి మాత్రం నల్లరంగు పూసిన దిమ్మ ఒకటి జిగురుతో అంటించి ఉంది. సీతారామారావు కత్తిమొనతో గీరాడు. రంగు కింద బూడిద రంగు. ఇంకాస్త గీరితే ఇసక రాలింది.

సిమెంటు.

దాన్ని ఊడబెరికి తక్కెడలో పెట్టాడు. ఎనిమిది వందల గ్రాములు. మామగారి తక్కెడ ఆ సిమెంటు దిమ్మని కూడా ఎంతో నిజాయితీగా తూచింది.

అతను పీట లాక్కుని కూర్చున్నాడు. వాళ్ల నాన్న పోయిన రోజున కూర్చున్నట్టే, మోకాళ్ల మీద అరచేతులు బోర్లించి.

"ఇక్కడివాళ్లు తూచి కొంటారని కంపెనీవాడికి తెలిసిపోయింది," అన్నాడు.

"ఎలా తెలిసిందో."

అతను దిమ్మ నుంచి రాలిన ఇసక వైపు చూశాడు. బయట ఎవరిదో ఆటో హారను మోగి ఆగింది.

"పట్టిక ఉంటేనే పేజీ ఇస్తానన్నాడు ఎడిటరు. లేకపోతే ఒక బొమ్మ, మార్కుల కింద నాలుగు చుక్కలు, పావు పేజీ. పెట్టె వచ్చింది గడువుకి రెండు రోజుల ముందు. బరువు చూశాను, బాగుంది. మంచి పెట్టెలన్నీ ఒకేలా వేడెక్కుతాయి కదా అనుకున్నాను. పాతది చూసి..." ఇసకని వేలితో ఒక్కచోటికి పోగు చేశాడు. "అందరూ ఫోన్లో డబ్బా విప్పే వీడియో చూసి కొంటున్నారు. ఈ అంకెలు ఇంకా ఎవడు చదువుతాడే?"

"ఒకాయన చదివాడు," అంది ప్రసూనాంబ.

అతను ఇసకని పోగు చేయడం ఆపేశాడు.

"నన్నడిగితే నాలుగు గంటలు కూర్చునేదాన్ని," అంది ఆమె మళ్లీ, నోటుబుక్కు మూస్తూ. "ఎప్పుడు కూర్చోలేదు గనక."

నక్షత్రం కనబడ్డాక దీపం పెట్టి అన్నాలు తిన్నారు. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు.

*

మంగళవారం ఆమె కేరేజీతో కాస్త ముందే వెళ్లింది. సీతారామారావు ఫోను అద్దం మీద రేకు అంటిస్తున్నాడు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, దీపికా ఆశ్రితా, బల్లకి ఆనుకుని నిలబడి, గాలిబుడగ మిగిలిందని ఒకరూ మిగల్లేదని ఒకరూ పంతం పడుతున్నారు. సిమెంటు దిమ్మ కౌంటరు మీదే ఉంది, బిల్లు కాగితాలు ఎగిరిపోకుండా పెట్టినట్టు. ఉదయం నుంచీ అక్కడే ఉందో, ఎవరైనా వస్తే సొరుగులోకి తోసెయ్యాలని అతనికి ఉందో ఆమెకి తెలియలేదు.

పన్నెండు కావస్తుండగా అప్పలనరసింహం వచ్చాడు. ఖాళీ కంప్యూటరు పెట్టె పట్టుకుపోవడానికి గోనెసంచి తెచ్చుకున్నాడు. రెండో చేతిలో కుట్టిన పుస్తకం.

"ఇది నీకాడే ఉంచు బాబూ," అని పుస్తకం కౌంటరు మీద పెట్టాడు. "నాకింకెందుకు? మా కోడలు పోరు పెడతంది. ముసిలోడికి మరలెందుకు, బొత్తాం నొక్కితే పాట పాడీ ఫోనొకటి కొనుక్కోరాదా, అని. నిజిమే. సేత్తో బిగించీ యోగిత నాకు లేదు. ఒక్క గంట ఆగలేకపోనాను, మా అన్న గొంతు నా సేత్తో నానే పారబోసినాను." పుస్తకం మీద పురికొస ముడిని ఒకసారి బిగించాడు, వదిలి వెళ్లే వస్తువుని కూడా సరిగా కట్టి ఇవ్వాలన్నట్టు. "నీకాడికెవలైనా పిల్లలొస్తే ఇయ్యి."

సీతారామారావు రేకు అంచు నొక్కడం పూర్తి చేసి, ఫోను అమ్మాయిల ముందుకి జరిపాడు. పుస్తకం వైపు చూశాడు. సిమెంటు దిమ్మని అరచేతిలోకి తీసుకుని, పుస్తకం పక్కన పెట్టాడు.

"ఇది మీకమ్మిన పెట్టెలాంటి దాంట్లోంచే తీశాను," అన్నాడు.

అప్పలనరసింహం దాన్ని ఎత్తి చూసి, గోటితో గీరాడు. ఫిట్టరు వేళ్లకి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. నెమ్మదిగా అట్ట తెరిచాడు. చివరి కాగితం. తూకం రాసిన చోట ఒకసారి ఆగి, వేలు పట్టిక మధ్యకి వచ్చింది.

"మరి ఈ గీతేటి బాబూ?"

సీతారామారావు ఏదో గొణిగాడు.

"ఏటి?"

మొగుడు ప్రసూనాంబ వైపు చూశాడు. ఇన్నేళ్ల అలవాటు. తన మాట ఆమె అందుకుని గట్టిగా చెబుతుంది. ఆమె కేరేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి, మూతలు పక్కన వరసగా పెట్టుకుంటూ ఉంది. చారు మూత కొంచెం బిగుసుకుంది. దాన్ని తిప్పడంలో మునిగిపోయింది.

"కాస్త గట్టిగా సెప్పు బాబూ. నాకు ఇనబడదు."

అమ్మాయిలిద్దరూ ఫోను లోంచి తలలెత్తారు. సీతారామారావు కౌంటరు అంచుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆ గీత మా ఆవిడదండీ," అన్నాడు, రోడ్డు మీదికి వినబడేట్టు. "మూడేళ్ల కిందట వేరే పెట్టెకి పరీక్ష చేసినప్పుడు పెట్టింది. ఆ ఒక్క అంకె చూడలేదు గనక పెట్టింది. నేను మీ పెట్టెకి పరీక్షే చెయ్యలేదు. తూచి ఊరుకున్నాను. అన్ని అంకెలూ అక్కణ్ణించి ఎత్తి రాశాను, గీతతో సహా. తుపాను వచ్చింది నిజమే. ఆ వోల్టేజీ దెబ్బని ఆపాల్సినవి ఆ పెట్టెలో లేవు. మీరు గంట ఆగినా అంతే, రోజు ఆగినా అంతే."

అప్పలనరసింహం వేలు గీత మీదే ఉంది.

"మీ తొందర కాదు అప్పలనరసింహంగారూ," అన్నాడు సీతారామారావు. "తప్పు నాది."